గోడ మూసేలోగా మేకులు చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో ఉన్న మన వాళ్ల గురించి మన పత్రికల్లో తరచూ వస్తూనే ఉంటుంది. వీసాలు, ఉద్యోగాలు, ఇళ్ల ధరలు, వడ్డీ రేట్లు అన్నీ రాస్తారు. కానీ జీవితకాలపు అప్పు చేసి కొన్న ఆ ఇంటిని భూకంపం వచ్చినప్పుడు, పెనుగాలి వీచినప్పుడు పట్టి ఉంచేది ఏమిటో ఎవరైనా రాయగా నేను చూడలేదు. నేను కాలిఫోర్నియాలో స్ట్రక్చరల్ ఇంజినీర్‌గా పనిచేస్తున్నాను, రోజూ నా బల్ల మీద ఉండే లెక్క ఇదే, అందుకని రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది, అంకెలు కూడా ఉన్నాయి, అయినా ఓపిగ్గా చదవమని మనవి.

మేం ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్న ఏడాది మా నాన్నగారు మొదటిసారి వచ్చారు. రాజమండ్రిలో సొంత ఇల్లు దగ్గరుండి కట్టించుకున్న మనిషి. స్లాబు వేసిన రోజు రాత్రంతా మేలుకుని నీళ్లు పట్టించారు. ఆయన హాల్లో గోడ మీద వేళ్లతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి విని, "ఏమ్మా, లోపలంతా డొల్లే కదా, దీనికా ఇంత డబ్బు పోశారు? భూకంపం వస్తే ఏం చేస్తారు?" అన్నారు. ఊరికే ఏదో అనాలని అన్న మాట కాదది, నిజంగా భయపడ్డారు. మా ఇంటికి కాస్త దూరంలోనే హేవార్డ్ ఫాల్ట్ అనే భూమి పగులు ఉందని, 1868లో అది కదిలి పెద్ద భూకంపం తెచ్చిందని అప్పటికే ఎవరో చెప్పి ఉన్నారు ఆయనకి.

ఆయన ప్రశ్నకి ఆ రోజు నేను చెప్పిన జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే మేకులు. కాంక్రీటు ఇంటికి ఊచలు ఎలాగో చెక్క ఇంటికి మేకులు అలాగ. తెలంగాణ మిత్రులు మొలలు అంటారు, ఏ పేరుతో పిలిచినా ఇంతే. మన వాళ్లు ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వంటగది రాయి ఏ రంగో, స్కూలు రేటింగు ఎంతో, వాస్తు ప్రకారం గుమ్మం ఎటుందో అన్నీ చూస్తారు, మేకుల గురించి మాత్రం ఒక్కరు కూడా అడగరు. కొత్త ఇల్లు కట్టించుకుంటున్న వాళ్లూ అడగరు, గది పెంచుకుంటున్న వాళ్లూ అడగరు. నా బాధంతా అదే.

ముందు ఆ గోడ ఎలా పనిచేస్తుందో చెప్తాను. ఇక్కడి మామూలు ఇంటి గోడలో నిలువుగా సన్నటి చెక్కలు ఉంటాయి, వాటిని స్టడ్‌లు అంటారు, సాధారణంగా 16 అంగుళాలకి ఒకటి. పేరుకి టూ బై ఫోర్ అంటారు గానీ కొలిస్తే ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. ఈ చట్రాన్ని పక్క నుంచి నెడితే అగ్గిపెట్టె డొప్పలాగా ఏటవాలుగా ఒరిగిపోతుంది, ఆపే శక్తి దానికి దాదాపు ఏమీ లేదు. కాబట్టి బయటి వైపు ప్లైవుడ్ గానీ, చెక్క పేళ్లని జిగురుతో నొక్కి చేసే ఓఎస్‌బీ పలక గానీ పెట్టి చుట్టూ అంచుల వెంబడి మేకులు కొడతారు. అప్పుడు పలక, చట్రం కలిసి ఒక్క గోడ అవుతాయి, దాన్నే షియర్ వాల్ అంటారు. పక్కకి నెట్టే బలమంతా చట్రంలోంచి పలకలోకి, పలకలోంచి మళ్లీ చట్రంలోకి వెళ్లాలంటే దానికి ఉన్న దారి ఒక్క ఈ మేకులే. పలక చిరగదు, స్టడ్ విరగదు, ముందు లొంగేది మేకు. కాబట్టి గోడ బలం లెక్క వేయడమంటే ఒక్క మేకు బలం లెక్క వేసి, అడుగుకి ఎన్ని మేకులున్నాయో దానితో హెచ్చించడమే, మిగతావి దాని మీద వచ్చే సవరణలు.

అయితే ఆ ఒక్క మేకు బలం ఎంత? ఇక్కడే నాలాగా ఇండియాలో సివిల్ చదివి వచ్చిన వాళ్లు తప్పు చేస్తారు. నేనూ చేశాను. బీటెక్‌లో నాలుగేళ్లు కాంక్రీటు, స్టీలు తప్ప చెక్క జోలికే పోలేదు. మన దగ్గర మేకులతో కట్టే చెక్క కట్టడాలకి ఐఎస్ 2366 అని ఒక కోడ్, అంటే నిర్మాణ నియమావళి, ఉందని కూడా నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గోడ లెక్క ఇస్తే, మేకు ఉక్కే కదా అని దాని అడ్డకోత వైశాల్యాన్ని ఉక్కు కోత బలంతో హెచ్చించి దాదాపు 800 పౌండ్లు, అంటే మన లెక్కలో 360 కిలోలు అని రాశాను. మా సీనియర్ ఆ కాయితం చూసి ఏమీ అనకుండా ఒక పాత పలక ముక్క తెచ్చి చూపించాడు. పరీక్షలో ఊపి ఊపి పాడుచేసిన గోడ ముక్క అది. ఒక్క మేకు కూడా తెగలేదు. కొన్ని ఎస్ అక్షరంలా వంగి ఉన్నాయి, కొన్ని స్టడ్‌లోంచి సగం బయటికి వచ్చి ఉన్నాయి, కొన్నిచోట్ల పలకలో రంధ్రం బొటనవేలంత వెడల్పయింది. మేకు తెగదు, దాని చుట్టూ ఉన్న చెక్క నలుగుతుంది, నలిగిన చోట మేకు వంగుతుంది. ఆ రెండూ కలిపి లెక్క వేయకపోతే వచ్చే అంకె అబద్ధం.

ఇలా చెక్క నలగడాన్నీ మేకు వంగడాన్నీ కలిపి లెక్కించే పద్ధతిని డెన్మార్క్‌కి చెందిన జొహాన్సెన్ అనే ఇంజినీర్ 1949లో చూపించాడు, అమెరికా చెక్క కోడ్ అయిన ఎన్‌డీఎస్ దాన్ని 1991లో తీసుకుంది. ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. మేకు పట్టున్న అతుకు లొంగడానికి ఎన్ని దారులున్నాయో అన్నిటికీ లెక్క వేస్తారు. స్టడ్ చెక్క నలగవచ్చు, పలక నలగవచ్చు, మేకు వంగకుండా రెండింటిలోనూ ఏటవాలుగా తిరగవచ్చు, పలక వైపు ఒక వంపు రావచ్చు, స్టడ్ వైపు ఒక వంపు రావచ్చు, రెండు వైపులా రావచ్చు. మొత్తం ఆరు దారులు, ఆరు సమీకరణాలు, వాటిలో ఏది తక్కువైతే అదే ఆ మేకు బలం.

ఉదాహరణకి ఇక్కడ ఎక్కువగా వాడే 8డీ కామన్ మేకు తీసుకుందాం, 8డీ అనేది మేకు సైజుకి ఇక్కడి పేరు. మందం 0.131 అంగుళం, పొడవు రెండున్నర అంగుళాలు, వంగడానికి ఉక్కు బలం చదరపు అంగుళానికి 1,00,000 పౌండ్లు. పలక 7/16 అంగుళం ఓఎస్‌బీ, స్టడ్ డగ్లస్ ఫర్ చెక్క. మేకు చుట్టూ చెక్క నలగడానికి ఓర్చుకునే బలం ఆ చెక్క సాంద్రతని బట్టి వస్తుంది, ఈ రెండింటికీ విశిష్ట సాంద్రత 0.50 కాబట్టి చదరపు అంగుళానికి 4,650 పౌండ్లు. ఇవి ఆరు సమీకరణాల్లో పెడితే వరసగా 571, 121, 193, 199, 73, 97 పౌండ్లు వస్తాయి. చివరి నుంచి రెండోది తక్కువ కాబట్టి 73 పౌండ్లు. 33 కిలోలు. స్టడ్ లోపల మేకు ఒకచోట వంగి, పలక నలుగుతూ పోయే దారి అది. నేను 800 అని రాసింది ఇక్కడ 73.

భూకంపం, గాలి లాంటి కొద్దిసేపటి బలాలకి చెక్క ఎక్కువ ఓర్చుకుంటుంది కాబట్టి ఈ 73ని 1.6తో హెచ్చిస్తారు, దాదాపు 117 అవుతుంది. ఆరు అంగుళాలకి ఒక మేకు అంటే అడుగుకి రెండు, అంటే అడుగు గోడకి 233 పౌండ్లు. ఇప్పుడు ఎస్‌డీపీడబ్ల్యూఎస్ అనే ఇక్కడి గాలి, భూకంపాల ప్రమాణంలో అదే గోడకి భూకంపం కింద వాడుకోమని ఇచ్చిన విలువ చూస్తే 240 ఉంటుంది, స్టడ్‌లు 16 అంగుళాలకే ఉంటే 260 దాకా తీసుకోనిస్తారు. ఆ పట్టిక గోడల్ని నిజంగా పరీక్షించి రాసింది, ఈ 233 పెన్నుతో వచ్చింది. రెండూ అంత దగ్గరగా రావడం చూసిన రోజు నాకు ఒళ్లు పులకరించింది, ఇన్నేళ్లయినా కొత్త పిల్లలకి నేర్పేటప్పుడు ముందు ఈ లెక్కే చేయిస్తాను. పట్టిక చూసి అంకె దింపుకునే వాళ్లకి ఆ అంకె ఏ మేకుకి, ఏ చెక్కకి, ఎంత లోతుకి రాసిందో తెలియదు. తెలియనప్పుడు సైట్‌లో ఏది మారినా కనిపెట్టలేరు.

మారుతుంది కూడా. మా ఇంటికి వెనక ఒక గది కలిపించుకున్నప్పుడు జరిగింది చెప్తాను, ఆ కాంట్రాక్టరు పేరు అనవసరం. డ్రాయింగ్ నేనే గీశాను, మేకు 0.131 మందం, రెండున్నర అంగుళాలు అని కొలతలతో సహా రాశాను. ఎందుకంటే 8డీ అన్న మాట ఒక్కటే రాస్తే దానికి అర్థాలు ఎక్కువ. కామన్ మేకు 8డీ అంటే 0.131, బాక్స్ మేకు 8డీ అంటే 0.113, పొడవు రెండింటికీ ఒకటే. గాలి ఒత్తిడితో మేకులు కొట్టే నెయిల్ గన్‌లో వేసే మేకుల పట్టీలు అయితే రకరకాల మందాల్లో దొరుకుతాయి, పెట్టె మీద 8డీ అని ఉంటే చాలు చాలామంది అదే పెట్టేస్తారు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే గోడ పలకలన్నీ బిగించేశారు, కింద రాలిన మేకు ఒకటి తీసి చేత్తో పట్టుకుంటే సన్నగా అనిపించింది. మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం కొన్న డిజిటల్ కాలిపర్‌తో కొలిచాను. ఇంటర్ ల్యాబ్‌లో స్క్రూ గేజ్‌తో తీగ మందం కొలిచిన వాళ్లందరికీ ఈ పని వచ్చు, ఇంజినీరే కానక్కర్లేదు. 2.87 మిల్లీమీటర్లు. 3.33 ఉండాలి.

అర మిల్లీమీటరుకి కూడా తేడా లేదు కదా అంటారు. కాంట్రాక్టరు కూడా అదే అన్నాడు, పైగా ముప్పై ఏళ్లుగా ఇవే వాడుతున్నాను, ఎవరూ అడగలేదు అన్నాడు. కానీ అదే సమీకరణంలో 0.113 పెట్టి చూడండి, 73 కాస్తా 56న్నర అవుతుంది. ఇరవై రెండు శాతం పోయింది. ఇంటికి అన్ని గోడల్లోనూ ఇదే మేకు కొడితే నాలుగు గోడల ఇంట్లో దాదాపు ఒక గోడ లేనట్టే. గాల్వనైజ్ చేసిన బాక్స్ మేకుల సంగతి వేరు, వాటి గరుకు పూత చెక్కని పట్టుకుంటుంది కాబట్టి కోడ్‌లో వాటికి చోటు ఇచ్చారు. నేను చెప్పేది పూత లేని సన్న మేకు గురించి, అదీ లావుది కొట్టమని రాసిన చోట. చివరికి ప్రతి రెండు మేకుల మధ్యా సరైన మేకు ఒకటి కొట్టించాను. రెండు రోజుల పని, మేకుల ఖర్చు నలభై యాభై డాలర్లు దాటలేదు. ఇంకో వారం ఆలస్యమై ఉంటే పైన కాగితం, జాలీ, ప్లాస్టరు వచ్చేసేవి, ఆ తర్వాత కూల్చి చూస్తే తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

చెక్క రకం మారినా ఇంతే. డగ్లస్ ఫర్‌కి బదులు స్ప్రూస్ జాతి చెక్క వస్తే విశిష్ట సాంద్రత 0.42కి పడుతుంది, మేకు బలం 67 దగ్గరికి దిగుతుంది. దీనికి కోడ్‌లో తేలికైన సూత్రం ఉంది, 0.50కి సాంద్రత ఎంత తక్కువైతే అంత భాగం తగ్గించమంటుంది, అంటే 92 శాతం. పెద్ద సమీకరణంతో వచ్చే దానికీ దీనికీ తేడా ఉండీ లేనట్టే. చెక్క తడిగా ఉండే చోట అయితే 0.7తో తగ్గించాలి. మేకుని ఏటవాలుగా కొడితే 0.83, చెక్క కొసలోకి నిలువుగా, నారల వెంబడి కొడితే 0.67. మేకు స్టడ్‌లోకి తన మందానికి కనీసం ఆరు రెట్లు దిగాలి, పది రెట్లు దిగితేనే పూర్తి బలం. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే, ఎవరైనా చూసుకోవచ్చు.

పుస్తకంలో లెక్కకి దొరకని తప్పులు మాత్రం ఇంకా ప్రమాదం. నెయిల్ గన్‌లో గాలి ఒత్తిడి ఎక్కువ పెడితే మేకు తల పలక పైన ఆగకుండా లోపలికి దిగిపోతుంది. పని చకచకా అయిపోతుందని ఒత్తిడి పెంచుతారు. 7/16 పలకలో తల 1/8 అంగుళం దిగిపోయిందనుకోండి, మిగిలిన మందం 5/16. ఈ మందంతో ఆరు సమీకరణాలూ మళ్లీ వేస్తే 73కి బదులు 69 వస్తుంది, అంతే. అది చూసి ఐదు శాతమేగా అనుకున్నారంటే మోసపోయినట్టే. ఆ సమీకరణం ఒకసారి నెట్టినప్పుడు మేకు ఎక్కడ లొంగుతుందో చెప్తుంది గానీ, భూకంపంలో ముందుకీ వెనక్కీ పదే పదే ఊగినప్పుడు తల పలకని చీల్చుకుని బయటికి వస్తుందా అనేది చెప్పదు. పలక పై పొరలు తల కింద ముందే తెగి ఉన్నాయి కాబట్టి తల పలకలోంచి ఊడి వచ్చేస్తుంది, పలక గోడ నుంచి విడిపోతుంది. ప్లైవుడ్ తయారీదారుల సంఘం ఏపీఏ వాళ్ల సలహా ప్రకారం అంచు మేకుల్లో ఐదింట ఒక వంతు కన్నా ఎక్కువ ఇలా దిగిపోయి ఉంటే, లేదా 1/8 అంగుళం కన్నా లోతుకి పోతే, అలాంటి ప్రతి రెండు మేకులకీ ఇంకో మేకు అదనంగా కొట్టాలి. కొట్టిస్తున్నారా అనేది వేరే మాట.

ఇంకొకటి, ఇక్కడి వడ్రంగులు షైనర్ అంటారు. రెండు పలకలు ఒకే స్టడ్ మీద కలుస్తాయి, ఒకటిన్నర అంగుళాల చెక్కలో ఒక్కో పలకకి దక్కేది ముప్పావు అంగుళమే, అందులో పలక అంచు నుంచి కనీసం 3/8 అంగుళం వదిలి మేకు కొట్టాలి. బయట నిలబడి గన్‌తో కొట్టేవాడికి లోపల చెక్క ఎక్కడుందో కనిపించదు, గీత గీసుకోకపోతే మేకు స్టడ్ పక్క నుంచి జారి గాల్లోకి వస్తుంది. లోపల నుంచి టార్చి వేస్తే తళతళా మెరుస్తుంది, అందుకే ఆ పేరు. ఆ మేకు బలం సున్నా, బయట నుంచి చూస్తే మాత్రం మిగతా మేకుల వరసలోనే బుద్ధిగా కూర్చుని ఉంటుంది.

ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానంటే, చెక్క ఇంటికి భూకంప బలం లెక్కించేటప్పుడు మేం వాడే ఒక అంకె ఉంది. నేల నిజంగా ఊగితే, గోడ ఏమాత్రం లొంగకుండా ఉంటే వచ్చే బలాన్ని 6.5తో భాగించి, ఆ చిన్న బలానికే డిజైన్ చేస్తాం. మన ఇండియా కోడ్‌లో భూకంపం కోసం ప్రత్యేకంగా ఊచలు కట్టిన కాంక్రీటు ఫ్రేముకి ఈ అంకె 5. చెక్క ఇంటికి అంతకన్నా ఎక్కువ భాగించే ధైర్యం ఎక్కడిది అంటే, వందలాది మేకులు ఒకదాని తర్వాత ఒకటి వంగుతూ, చెక్కని నలుపుతూ ఆ శక్తినంతా తాగేస్తాయన్న నమ్మకం. మేకు వంగడం తప్పు కాదు, అదే దాని పని. అదే ఇంట్లో లోపలి వైపు కొట్టే డ్రైవాల్ అనే జిప్సం పలకల గోడలనే నమ్ముకుంటే 6.5 కాదు, 2తోనే భాగించమంటుంది కోడ్. ఇంకా బలం వస్తుందని కొందరు మేకులకి బదులు నల్లటి డ్రైవాల్ స్క్రూలు బిగిస్తారు, నేను కళ్లారా చూశాను. ఆ స్క్రూ గట్టిది, కానీ పెళుసుది, వంగమంటే టప్పున విరుగుతుంది. వంగని మేకు మీద 6.5 లెక్క నిలబడదు.

ఇది కాయితం మీద భయం కాదని 1994లోనే తేలింది. ఆ ఏడాది జనవరి 17 తెల్లవారుజామున 4 గంటల 31 నిమిషాలకి లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్‌లో 6.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. నార్త్‌రిడ్జ్ మెడోస్ అనే మూడంతస్తుల చెక్క అపార్ట్‌మెంటులో కింది అంతస్తు నలిగిపోయి 16 మంది చనిపోయారు, అందరూ నిద్రలో ఉన్న వేళ. భవనాలు దెబ్బతిని చనిపోయిన 25 మందిలో ఒక్కరు తప్ప అందరూ చెక్క భవనాల్లో ఉన్నవాళ్లే. అంతవరకు చెక్క ఇళ్లకి భూకంపమంటే లెక్కే లేదన్న ధీమా ఉండేది ఇంజినీర్లలో కూడా. తర్వాత గోడలు విప్పి చూస్తే లోపలికి దిగిపోయిన మేకులు, చెక్కని తప్పించుకున్న మేకులు, బిగించని బోల్టులు కనిపించాయి, గోడ కొసని పునాదికి పట్టి ఉంచే హోల్డ్‌డౌన్ పట్టీలు కొన్నిచోట్ల అసలు లేనేలేవు. లాస్ ఏంజెలెస్ నగరం గోడల విలువలు నాలుగో వంతు కోసేసింది. ప్రభుత్వ డబ్బుతో క్యూరీ అనే భూకంప పరిశోధన సంస్థ కాల్‌టెక్ విశ్వవిద్యాలయంతో కలిసి ఏళ్ల తరబడి పరీక్షలు చేసింది, ఇప్పుడు మనం వాడే నియమాల్లో చాలా భాగం ఆ పరీక్షల్లోంచి వచ్చినవే.

సరిగ్గా మరుసటి ఏడాది అదే తేదీన జపాన్‌లోని కోబేలో భూకంపం వచ్చి ఆరు వేల పైచిలుకు ప్రాణాలు పోయాయి, ఎక్కువమంది పాత చెక్క ఇళ్ల కింద పడే పోయారు. పైన బరువైన పెంకు, కింద గోడల్లో పక్క బలానికి ఆధారం తక్కువ. అదే కోబే దగ్గర మికిలో ఉన్న ప్రపంచంలోకెల్లా పెద్ద కంపన వేదిక మీద 2009లో ఆరంతస్తుల చెక్క భవనాన్ని పెట్టి, నార్త్‌రిడ్జ్ కంపనాన్నే ఇంకా పెంచి ఊపారు. అది నిలబడింది, ప్లాస్టర్‌బోర్డు పగిలింది తప్ప పెద్ద నష్టం లేదు. పాత ఇళ్లు, ఆ ఆరంతస్తులు రెండూ చెక్కే. తేడా అంతా అతుకుల్లో ఉంది.

అతుకు అంటే పలక అంచు మేకుతో ఆగిపోదు. అడుగుకి 260 పౌండ్ల బలం వచ్చే నాలుగడుగుల గోడ తీసుకోండి, ఎత్తు ఎనిమిది అడుగులు. పక్కకి 1,040 పౌండ్లు నెడుతోంది. పైన నెట్టితే గోడ కింద ఒక కొస పైకి లేస్తుంది కదా, బీరువాని పై నుంచి తోసినట్టు. దాని బలం 260 ఇంటూ ఎనిమిది, 2,080 పౌండ్లు, అంటే దాదాపు 940 కిలోలు పైకి లాగుతోంది. దీన్ని ఆపేది గోడ కొసలో ఉండే హోల్డ్‌డౌన్ అనే ఇనుప పట్టీ, దాని కింద పునాదిలోకి దిగిన బోల్టు. మేకులన్నీ బ్రహ్మాండంగా కొట్టి ఈ బోల్టుకి నట్టు బిగించకపోతే గోడ మొత్తం చెక్కు చెదరకుండా అలాగే లేచి పడిపోతుంది. అడ్డంగా జారకుండా కింది చెక్కని పునాదికి పట్టే యాంకర్ బోల్టుల నట్టు కింద మూడంగుళాల చదరపు వాషర్ ఉందా లేదా అన్నది కూడా చిన్న విషయం కాదు. మామూలు గుండ్రటి వాషర్ పెడితే కింది చెక్క నిలువునా చీలడం పరీక్షల్లో చూశారు.

పాత ఇళ్లు కొన్న మన వాళ్లకి ఒక మాట. మేముండే శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 1980కి ముందు కట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి, చాలా వాటికి నేలకీ ఇంటి ఫ్లోరుకీ మధ్య మనిషి పాకి వెళ్లేంత ఖాళీ ఉంటుంది, దాని చుట్టూ మోకాలెత్తు గోడలుంటాయి, వాటిని క్రిపుల్ వాల్ అంటారు. వాటికి చాలా చోట్ల ప్లైవుడ్ ఉండదు, కొన్నిచోట్ల పునాదికి బోల్టులే ఉండవు. ఇల్లు ఎంత గట్టిదైనా ఆ కాళ్లు మడతపడితే మొత్తం కింద కూర్చుంటుంది. 2014 ఆగస్టులో నాపాలో 6.0 తీవ్రతకే అలా కూర్చున్న ఇళ్లున్నాయి. ఆ ఖాళీలోకి దిగి ప్లైవుడ్ కొట్టించి, బోల్టులు వేయించుకోవడానికి కాలిఫోర్నియాలో ఎర్త్‌క్వేక్ బ్రేస్ ప్లస్ బోల్ట్ అనే పథకం కింద అర్హత ఉన్న ఇళ్లకి 3,000 డాలర్ల వరకు ఇస్తారు. మా వీధిలో మన వాళ్ల ఇళ్లు పదకొండు ఉన్నాయి, ఈ పథకం గురించి ముందే విన్నవాళ్లు ఇద్దరు. ఒకాయనైతే అదే ఏడాది పెరట్లో పూజామందిరం కోసం అంతకి నాలుగింతలు పెట్టారు. మందిరం వద్దనను. దాని కన్నా ముందు ఆ కాళ్లు చూసుకోమని బతిమాలుతున్నాను.

కాంట్రాక్టరుని ఏం అడగాలి అని నన్ను చాలామంది అడుగుతారు. మేకు మందం ఎంత అని అడగండి, 8డీ అంటే ఆగకండి, అంగుళంలో ఎన్నో వంతో చెప్పమనండి, పెట్టె ఫొటో పంపమనండి. పలకలు కొట్టాక, పైన ఏదీ కప్పకముందు ఒకరోజు మీకు చెప్పమనండి. ఆ రోజు టేపు, టార్చి తీసుకుని వెళ్లండి. అంచుల్లో మేకుల మధ్య దూరం డ్రాయింగ్‌లో రాసినంతే ఉందా, తలలు పలక మీద ఆనుకుని ఉన్నాయా, లోపల నుంచి చూస్తే మెరుస్తున్నాయా. నగరం ఇన్‌స్పెక్టరు వస్తాడు, సంతకం పెడతాడు, కానీ ఆయనకి రోజుకి ఎన్నో ఇళ్లు, మీకు మాత్రం ఒక్కటే. మీరు చూశారని తెలిస్తేనే పనివాళ్ల చెయ్యి మారుతుంది, ఇది నా అనుభవం. ఫొటోలు తీసి పెట్టుకోండి, ఇల్లు అమ్మేటప్పుడు కూడా పనికొస్తాయి.

ఆంధ్ర, తెలంగాణల నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్‌కి ఇక్కడికి వస్తున్నారు. వాళ్లు చేరబోయే ఆఫీసుల్లో చాలావాటికి రోజువారీ పని చెక్క ఇళ్లే. కాంక్రీటు బీము డిజైను నిద్రలో లేపి అడిగినా చెప్పే పిల్లలు మేకు బలం అడిగితే నేను రాసిన 800 లాంటి అంకే రాస్తారు, ఇంటర్వ్యూల్లో చూస్తూనే ఉన్నాను. తప్పు వాళ్లది కాదు, ఎవరూ చెప్పలేదు. మన కాలేజీల్లో సిలబస్ మార్చడం ఒక్కరోజులో అయ్యే పని కాదని తెలుసు, కానీ ఎనిమిదో సెమిస్టరులో చెక్క కట్టడాల మీద రెండు మూడు క్లాసులు, ఆ ఆరు సమీకరణాలు ఒకసారి చేతితో వేయించడం, ఏ కాలేజీకైనా సాధ్యమే. వినడానికి ఇష్టపడే అధ్యాపకులు ఎవరైనా ఉంటే ఆన్‌లైన్‌లో చెప్పడానికి నేను సిద్ధం, డబ్బు అక్కర్లేదు, మీ పత్రిక ద్వారా కబురు చేస్తే చాలు. కోనసీమలో తుపాను వచ్చినప్పుడల్లా పెంకుటిళ్ల వాసాలు, రేకుల కప్పులు లేచిపోవడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని, అక్కడ కూడా గాలి ముందుగా ఊడదీసేది కప్పుకీ గోడకీ మధ్య ఉన్న అతుకునే. ఈ చదువు అక్కడికీ పనికొస్తుంది.

మా నాన్నగారు మళ్లీ వచ్చినప్పుడు ఆ వెనక గది అప్పుడే సగం కట్టి ఉంది. పలకల మీద మేకులు ఇంకా కనిపిస్తున్నాయి. ఆయన కళ్లజోడు సవరించుకుని ఒక అంచు మొదటి నుంచి చివరి దాకా వేలుతో తాకుతూ లెక్కపెట్టారు, మధ్యలో ఒకచోట ఆగి "ఇక్కడ ఒకటి తగ్గిందమ్మా" అన్నారు. టేపు పెట్టి చూశాను. ఆరు ఉండాల్సిన చోట పదకొండు అంగుళాలు ఉంది. మర్నాడు పొద్దున్నే కొట్టించాను.

ఇట్లు,
ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా